హళ్ళిఖేడ్ (బి) జాబితాలోంచి ఎలా జారిపోయింది?

బీదరు జిల్లా హుమ్నాబాదు తాలూకాలో హళ్ళిఖేడ్ (బి) అనే ఊరు ఉంది. ఆ బ్రాకెట్టులోని ‘బి’ బుజుర్గ్ అనే పారసీ మాటకు పొట్టిరూపం. పెద్దది అని అర్థం. దానికి జోడు ఖుర్ద్, అంటే చిన్నది. రికార్డుల్లో అది ‘(కె)’ అవుతుంది. ఒకే పేరుగల రెండు ఊళ్ళను వేరుచేసి చెప్పడానికి దక్కనులోని రెవిన్యూ కచ్చేరీలు పాటించిన పద్ధతి ఇది. ఆదిలాబాదు వైపు పల్లెల పేర్లలోనూ, మరాఠ్వాడాలోనూ ఇదే కనిపిస్తుంది. మరాఠీవారి నోట బుజుర్గ్ కాస్తా ‘బుద్రుక్’ అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు పాత బీదరు జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాలో కలిశాయి. ఉద్గీరు, నీలంగా, అహ్మదుపూరు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలినది మైసూరుకు వచ్చింది. హళ్ళిఖేడ్ ఆ మిగిలినదాంట్లో ఉంది. కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ చెవినపడే నేల కాబట్టి మాటలు సేకరించే విద్యార్థులకు ఇది మంచి చోటు.

ఇంతకూ ఇప్పుడు చెప్పబోయేది ఊరి చరిత్ర కాదు. ఆ పేరులోని బ్రాకెట్టు, దాని ముందున్న ఖాళీ కలిసి మా కంప్యూటరులో చేసిన పని గురించి, కొత్త వెర్షను వేసుకున్న తరవాత ఒక పాత స్క్రిప్టు చెడిపోతే దాన్ని ఎలా పట్టుకోవాలన్న సంగతి గురించి. తెలుగు పదపట్టికలతో, నిఘంటువులతో పనిచేసే విద్యార్థులు ఈనాడు ఎక్కడున్నా కంప్యూటరు తప్పదు. కంప్యూటరు శాఖలవారు దగ్గర లేనిచోట మన రోగానికి మనమే వైద్యం చేసుకోవాలి.

మా దగ్గర 2006 మొదట్లో రాసుకున్న చిన్న షెల్ స్క్రిప్టు ఉంది. షెల్లు అంటే మనం టైపు చేసిన ఆజ్ఞలను చదివి కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాము. ఆ ఆజ్ఞలనే వరసగా ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే అది స్క్రిప్టు. మా స్క్రిప్టు చేసే పని చాలా సాదా. బీదరు జిల్లాలో ఊరూరా సేకరించిన తెలుగు మాటలు ఊరికొక ఫైలుగా ఉంటాయి. స్క్రిప్టు ఒక్కొక్క ఊరి ఫైలు ఉందో లేదో చూస్తుంది. ఉంటే ‘సార్ట్’ అనే ఆజ్ఞతో దాన్ని వరసలో పెడుతుంది. ఆ మీదట ‘కామ్’ అనే ఆజ్ఞతో మా దగ్గరున్న తెలంగాణ మాటల పెద్ద పట్టికతో పోల్చి, ఆ ఊళ్ళో మాత్రమే ఉన్న మాటలను వేరే ఫైలులో రాస్తుంది. పెద్ద పట్టికను మొదట్లోనే ఒకసారి వరసలో పెట్టి దాచాము. ప్రతిసారీ మళ్ళీ సార్టు చేయడం ఎందుకని!

2021లో మా కంప్యూటరును ఉబుంటు 18.04 నుంచి 20.04కు మార్చాము. ఆ తరవాత ఒక పరిశోధక విద్యార్థిని తన అధ్యాయం కోసం ఈ స్క్రిప్టు నడిపింది. రెండు వింతలు బయటపడ్డాయి. హళ్ళిఖేడ్ (బి)కి ఫలితాల ఫైలే పుట్టలేదు. మిగతా ఊళ్ళ ఫైళ్ళలోనేమో ‘-కు’, ‘-లో’, ‘-కాడ’, ‘-తాన’ వంటి ప్రత్యయాలన్నీ ఆ ఊరికే ప్రత్యేకమైనవిగా వచ్చాయి. ‘-కు’ బీదరులో తప్ప తెలంగాణలో లేదని చెబితే నవ్విపోతారు. కాబట్టి అది తప్పని తేలికగానే తెలిసింది. కాని ‘-కాడ’, ‘-తాన’ దగ్గర ఆ అమ్మాయి ఆగింది. దగ్గర అనే అర్థంలో ‘నా కాడ’, ‘నా తాన’ అనడం బీదరు తెలుగు విశేషమని రాసేందుకు ఒక పేరా కూడా సిద్ధం చేసుకుంది. తాను పుట్టి పెరిగింది మహారాష్ట్రలో. తెలంగాణ పల్లెల మాట విన్నది తక్కువ. యంత్రం ఇచ్చిన పట్టికను నమ్మక ఏం చేస్తుంది? జహీరాబాదు సంతలో ఒక గంట నిలబడితే ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు వినబడతాయో మాకు తెలుసు గనక సరిపోయింది.

సహజంగా మేము చేసిన మొదటి పని కొత్త వెర్షనును తిట్టడం. రెండు వింతలకూ అదే కారణమనుకున్నాము. ఒకటి నిజంగా దానిదే. రెండోది పదిహేనేళ్ళనాటి మా సొంత మరమ్మతు తాలూకు పాపం. ‘మార్చిన తరవాత కనిపించింది’, ‘మార్చినందువల్ల వచ్చింది’ అన్న రెండు మాటలూ ఒకటి కావన్న సంగతి తెలియడానికి మాకు ఒక రోజంతా పట్టింది.

పని మొదలుపెట్టవలసిన చోటు దోషసందేశాలు. షెల్లూ, అది పిలిచే ఆజ్ఞలూ తమ ఫలితాన్ని ఒక దారిన, ఫిర్యాదులను మరొక దారిన పంపుతాయి. ఆ రెండో దారికి 2 అని నంబరు. దాన్ని ‘నల్’ అనే అడుగులేని బావిలోకి మళ్ళిస్తే ఫిర్యాదులు ఎవరికీ కనబడవు. మా స్క్రిప్టులో సరిగ్గా అలాగే ఉంది. ఎప్పుడో ఒకటి రెండు సందేశాలు చికాకు పెడుతున్నాయని మాలోనే ఒకరు ఆ పని చేశారు. దాన్ని తీసివేసి, ‘ఎక్స్’ అనే ఐచ్ఛికంతో నడిపాము. ఈ ఐచ్ఛికం ఇస్తే షెల్లు తాను చేయబోయే ప్రతి ఆజ్ఞనూ, అందులోని చలరాశుల స్థానంలో అసలు విలువలు పెట్టి, చేసే ముందే తెరమీద చూపిస్తుంది. పదిహేనేళ్ళుగా మూగపోయిన స్క్రిప్టు మాట్లాడింది. రెండు ఫిర్యాదులు వినిపించాయి: ఒకటి ఫైలు ఉందా అని చూసే పరీక్షలో, మరొకటి పోల్చే ‘కామ్’ దగ్గర.

మొదటిది అర్థం కావాలంటే 2006కు వెళ్ళాలి. స్క్రిప్టు మొదటి పంక్తిలో #! గుర్తుల వెంట దాన్ని చదవవలసిన షెల్లు చిరునామా ఉంటుంది. మేము అక్కడ ‘ఎస్‌హెచ్’ అని రాశాము. ఇది 1979లో ఏడవ యూనిక్సుతో వచ్చిన బోర్న్ షెల్లు పేరు; తరవాత వచ్చిన వాటిలో చాలా షెల్లులు ఆ పేరుకు పలుకుతాయి. అప్పటి ఉబుంటులో ఆ పేరు వెనక ఉన్నది బాష్. బాష్ తన సొంత నుడికారం కొంత చేర్చుకుంది. పరీక్షకు [ ] అనే పాత రూపంతోబాటు [[ ]] అనే కొత్త రూపం అందులో ఒకటి. ‘ఎస్‌హెచ్’ అని పిలిచినా బాష్ ఆ రూపాన్ని కాదనదు. మేము శిష్టభాష అని బోర్డు పెట్టి లోపల మాండలికంలో రాశామన్నమాట. చదివేవాడికి ఆ మాండలికం తెలిసినంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. 2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10లో ‘ఎస్‌హెచ్’ అన్న పేరును బాష్‌కు బదులు డాష్ అనే చిన్న షెల్లుకు ఇచ్చారు. కంప్యూటరు లేచేటప్పుడు నడిచే స్క్రిప్టులు ఎన్నో ఉంటాయి. డాష్ తేలిక, వేగం ఎక్కువ. డెబియన్ కూడా 2011లో విడుదలైన 6.0తో అదే దారి పట్టింది. డాష్‌కు [[ తెలియదు. ఆ పేరుగల ఆజ్ఞ ఏదో ఉందనుకుని వెదికి, ‘నాట్ ఫౌండ్’ అంటుంది. ఆ ఒక్క మార్పుకు ప్రపంచమంతటా ఎన్నో స్క్రిప్టులు చెడిపోయాయి. వాటిలో మాదీ ఒకటి.

అప్పుడు మేము చేసిన మరమ్మతు రెండు నిమిషాలది. [[ ఉన్నచోటల్లా [ పెట్టాము, ]] ఉన్నచోటల్లా ] పెట్టాము. భాల్కీ, ఔరాదు, హుమ్నాబాదు అన్నీ మళ్ళీ వచ్చాయి. సంతోషించాము. హళ్ళిఖేడ్ (బి) రాలేదన్నది ఎవరూ చూడలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే షెల్లు చదివే తీరు చెప్పాలి. పద్యం చేతికిస్తే ముందు పదచ్ఛేదం చేసుకుంటాం కదా, షెల్లు కూడా అదే చేస్తుంది. ఖాళీ కనబడినచోట విరుస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. స్క్రిప్టుకు అందిన మొదటి విలువను $1 అంటారు. $1 అని రాసినచోట ముందు దాని విలువ, అంటే ఊరి పేరు, వచ్చి కూర్చుంటుంది. ఆ తరవాత షెల్లు ఆ విలువను కూడా ఖాళీల దగ్గర మరోసారి విరుస్తుంది. ‘భాల్కీ’ అయితే విరగడానికేమీ లేదు. ‘హళ్ళిఖేడ్ (బి)’ మాత్రం ‘హళ్ళిఖేడ్’ అనీ ‘(బి)’ అనీ రెండు ముక్కలవుతుంది. ఒక ఫైలు పేరు కోసం చూస్తున్న [ పరీక్షకు రెండు పేర్లు అందుతాయి. అది తికమకపడి, ఫిర్యాదు చేసి, విఫలమవుతుంది. పరీక్ష విఫలమైతే ఫైలు లేదని అర్థం చేసుకుని స్క్రిప్టు తరవాతి ఊరికి పోతుంది. [[ ]] లోపల మాత్రం బాష్ ఈ రెండో విరుపు చేయదు. అందుకే పాత రోజుల్లో మా తప్పు దాగింది. మేము గుర్తు మార్చామే గాని, ఆ గుర్తు ఇన్నాళ్ళూ చాటుగా చేస్తున్న రక్షణ పోయిందని గ్రహించలేదు.

దీనికి మందు జంట కొటేషన్లు. $1 అని కాక "$1" అని రాస్తే విలువ ఎన్ని ఖాళీలున్నా ఒకే ముక్కగా నిలుస్తుంది. అన్ని విలువలనూ ఒకేసారి వేరే ఆజ్ఞకు అందించేటప్పుడు $* కాదు, "$@" రాయాలి. చలరాశి కనబడితే చాలు, కొటేషన్లు పెట్టడం అలవాటు చేసుకోవడం మంచిది. పెట్టకూడని సందర్భాలు చాలా అరుదు. ఇక బ్రాకెట్టు సంగతి వేరు. అది $1 లోపలినుంచి వస్తే షెల్లు దాన్ని ఉత్త అక్షరంగానే చూస్తుంది. మీరే స్వయంగా కొటేషన్లు లేకుండా హళ్ళిఖేడ్ (బి) అని టైపు చేస్తే మాత్రం బ్రాకెట్టు షెల్లు వ్యాకరణంలో భాగమైపోయి, అక్కడికక్కడే వాక్యదోషమని గోల చేస్తుంది. ఆ గోల మేలు. ఖాళీ నిశ్శబ్దంగా చంపుతుంది.

మ్యాకింటాషు వాడేవారికి ఇక్కడొక హెచ్చరిక. 2019లో వచ్చిన కాటలీనాతో ఆపిల్ కంపెనీ తెరమీది షెల్లును బాష్ నుంచి జెడ్‌షెల్‌కు మార్చింది. జెడ్‌షెల్ కొటేషన్లు లేని చలరాశిని ఖాళీల దగ్గర విరవదు. అందువల్ల తెరమీద టైపు చేసి చూసినప్పుడు చక్కగా నడిచిన పంక్తి, ‘ఎస్‌హెచ్’ అని బోర్డు ఉన్న స్క్రిప్టులో పెట్టగానే విరుగుతుంది. పరీక్షించేటప్పుడు స్క్రిప్టును ఏ షెల్లు చదువుతుందో దానితోనే పరీక్షించాలి.

ఇక రెండో ఫిర్యాదు. ఒక ఫైలు వరసలో లేదని ‘కామ్’ చెబుతోంది. అది చెబుతున్నది మా పెద్ద పట్టిక గురించి. చూడబోతే ఆ పట్టిక మేము పెట్టిన వరసలోనే ఉంది, ఒక్క అక్షరం కదలలేదు. కదిలింది వరస అనే మాటకు అర్థం.

ఏ అక్షరం ముందు, ఏది వెనక అన్నది ‘సార్ట్’ తనంతట తాను నిర్ణయించదు. లోకేలు అనే అమరికను అడుగుతుంది. భాష, ప్రాంతం, తేదీలు రాసే తీరు, అక్షరక్రమం అన్నీ అందులో ఉంటాయి. లైనక్సులో ఈ అమరికలను గ్లిబ్‌సి అనే మూల గ్రంథాలయం మోస్తుంది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.28లో అక్షరక్రమాన్ని అంతర్జాతీయ ప్రమాణం 14651 యొక్క 2016 కూర్పుకు అనుగుణంగా తిరగరాశారు. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 20.04 వచ్చేసరికి ఈ గీత దాటింది. మారినవాటిలో మన పనికి ముఖ్యమైనది విరామచిహ్నాల స్థానం. పాత క్రమంలో చాలా లోకేళ్ళు పోలికలో హైఫన్నూ, ఖాళీనీ దాదాపు లెక్కచేయవు. అక్షరాలన్నీ సమానమైతేనే వాటివైపు చూస్తాయి. కొత్త క్రమంలో వాటికీ సొంత స్థానం ఉంది, అదీ అక్షరాలకన్నా ముందు. చిన్న పరీక్షతో మీరే చూడవచ్చు. ఒక పంక్తిలో 1-1, మరో పంక్తిలో 11 రాసి, అమెరికా ఇంగ్లీషు లోకేలులో సార్టు చేయండి. పాత గ్లిబ్‌సిలో 11 ముందు వస్తుంది, కొత్తదానిలో 1-1 ముందు వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వాడేవారికి ఈ మార్పు పెద్ద తలనొప్పి అయింది. పాత క్రమంలో కట్టిన సూచికలను కొత్త క్రమంలో వెదికితే ఉన్న వరసలు లేనట్టు కనబడ్డాయి. సూచికలన్నీ మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది.

మా పట్టికలో ప్రత్యయాలను నిఘంటువుల పద్ధతిలో ముందు హైఫను పెట్టి రాస్తాము. పాత క్రమంలో ‘-కాడ’ ‘కాడ’ పక్కనే ఉంది, అంటే ‘క’ గుణింతం మధ్యలో. కొత్తగా సార్టు చేసిన ఊరి ఫైలులో అది ‘అ’కంటే కూడా ముందు, మొదటి పుటలోనే ఉంది. ‘కామ్’ రెండు ఫైళ్ళనూ పైనుంచి కిందికి ఒక్కసారే చదువుతుంది, వెనక్కు తిరగదు. ఊరి ఫైలు మొదట్లో ‘-కాడ’ కనబడింది, పెద్ద పట్టిక మొదట్లో ‘అ’కారం నడుస్తోంది, కాబట్టి ఇది పెద్ద పట్టికలో లేదని తీర్పు చెప్పి ముందుకు పోయింది. తరవాత పెద్ద పట్టికలో ‘-కాడ’ ఎదురైనప్పుడు, ఇది ఊళ్ళో లేదని మరో తీర్పు చెప్పింది. రెండు తీర్పులూ ఒకేసారి నిజం కావు. మా స్క్రిప్టు మొదటి తీర్పునే రాసుకుని, రెండోదాన్ని పారేసింది. ‘కామ్’ మాత్రం వరస తప్పిందని చెబుతూనే ఉంది. ఆ మాట అడుగులేని బావిలో పడింది. పొద్దున్నుంచి మాపుదాకా అనే అర్థంలో హైఫనుతో రాసుకున్న జంటపదాలు కొన్ని కూడా ఇలాగే ఊళ్ళకు ప్రత్యేకమైపోయాయి. ‘-కు’ అంత నవ్వు తెప్పించేవి కావు గనక అవే ఎక్కువ ప్రమాదం.

మరమ్మతు రెండు పంక్తులే. పోలికకు ముందు ఊరి ఫైలునూ పెద్ద పట్టికనూ రెండింటినీ అప్పటికప్పుడు సార్టు చేయడం ఒకటి. ఆ సార్టునూ, ‘కామ్’నూ ‘సి’ అనే లోకేలులో నడపడం రెండోది. ‘సి’ లోకేలు ఏ భాషనూ ఎరగదు. బైట్ల విలువ చూసి వరస పెడుతుంది, అంతే. ఏ వెర్షను వచ్చినా అది మారదు. రెండు ఫైళ్ళను పోల్చడానికి కావలసింది అందమైన వరస కాదు, రెంటికీ ఒకటే అయిన వరస.

అయితే ఈ ‘సి’ క్రమాన్నే అచ్చుకు పంపితే మన పాఠకులు ఊరుకోరు, ఊరుకోకూడదు. మన బళ్ళలో నేర్పే వర్ణమాలలో ‘ళ’ హకారం తరవాత వస్తుంది, ‘ఱ’ దాదాపు చివర. యూనికోడులో అలా కాదు. ‘ర’ వెంటనే ‘ఱ’, ‘ల’ వెంటనే ‘ళ’ ఉంటాయి. దీనికి కారణం యూనికోడు భారతీయ లిపుల పట్టికలను మన దేశపు ఇస్కీ ప్రమాణం అచ్చులో పోసుకోవడం. అన్ని లిపులకూ ఒకే గడుల అమరిక ఉంటే ఒక లిపినుంచి మరోదానికి మార్చడం సులువు కాబట్టి ఇస్కీవారు అలా కూర్చారు. సున్న కూడా కోడు సంఖ్య ప్రకారం అకారం కన్నా ముందుంటుంది. కాబట్టి పోల్చడం ‘సి’ లోకేలులో చేసి, చివరి పట్టికను మాత్రం తెలుగు లోకేలులో సార్టు చేసి, ‘ళ’, ‘ఱ’ల స్థానాన్ని ఒకసారి కంటితో చూసి అచ్చుకు ఇస్తున్నాము. అచ్చుకిచ్చే ఫైలును మళ్ళీ ‘కామ్’కు ఇవ్వకూడదని దాని పేరులోనే రాసిపెట్టాము.

పొడవు లెక్కల విషయంలోనూ ఇటువంటి తేడా ఉంది. ఒక్కమాట చెప్పి వదిలేస్తాము. ‘హళ్ళిఖేడ్’ మన లెక్కకు హ, ళ్ళి, ఖే, డ్ అని నాలుగు అక్షరాలు. యూనికోడు లెక్కకు హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు కలిపి తొమ్మిది. యుటిఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున ఇరవై ఏడు. ‘ఆక్’ అనే ఆజ్ఞను పొడవెంత అని అడిగితే, దాని వెనక ఉన్నది గాక్ అయితే తెలుగు లోకేలులో 9 అంటుంది. డెబియన్, ఉబుంటులతో వచ్చే మాక్ చాలాకాలం 27 అనేది. పదాన్ని ఇన్నో అక్షరం దగ్గర కోయమన్న స్క్రిప్టు ఒక కంప్యూటరులో నడిచి మరొకదానిలో అక్షరం నడిమికి కోసి చతురస్రాలు చూపిస్తే, ఇది చూడండి.

చెడిపోయిన స్క్రిప్టు చేతికి వచ్చినప్పుడు మేము ఇప్పుడు చేస్తున్న పని ఇది. దాచిన సందేశాలు బయటపెడతాము. ‘ఎస్‌హెచ్’ అనే పేరు నిజంగా ఏ షెల్లుకు చేరుతోందో చూస్తాము. మొత్తం సేకరణ కాకుండా నాలుగైదు మాటల ఫైళ్ళు రెండు తయారుచేసి, రావలసిన ఫలితాన్ని ముందే కాగితం మీద రాసుకుని, వాటిమీద నడుపుతాము. ఆ కొద్ది మాటల్లో ఒకటి హైఫనుతో, ఒకటి ఖాళీతో ఉండేట్టు చూస్తాము. పాత వెర్షను ఉన్న కంప్యూటరు ఒకటి దొరికితే అదే పని అక్కడా చేసి, రెండు జాడలనూ పక్కపక్కన పెట్టి అవి ఎక్కడ విడిపోతున్నాయో చూస్తాము. చాలాసార్లు ఆ ఒక్క పంక్తిలోనే జవాబు ఉంటుంది. షెల్‌చెక్ అనే ఉచిత ప్రోగ్రాము కొటేషన్లు లేని చలరాశులను వేలుపెట్టి చూపిస్తుంది. డెబియన్ వారి చెక్‌బాషిజమ్స్ ‘ఎస్‌హెచ్’ బోర్డు కింద దూరిన బాష్ నుడికారాన్ని పడుతుంది. 2006లో మాకు ఈ రెండోది తెలిసి ఉంటే బాగుండేది. కొత్త వెర్షను చెప్పే ప్రతి మాటకూ బెదరనక్కరలేదు కూడా. 2022లో వచ్చిన గ్రెప్ 3.8 ‘ఈగ్రెప్’ అని పిలిస్తే ఆ పేరు పాతబడిందని సణుగుతుంది గాని పని మానదు. అటువంటి సణుగుడు వినలేకే మాలో ఒకరు నోరు నొక్కారు.

ఆ విద్యార్థిని తన పట్టికలన్నీ మళ్ళీ తీసుకుంది. ‘-కాడ’, ‘-తాన’ల పేరా పోయింది. హళ్ళిఖేడ్ (బి) ఫైలు తెరుచుకున్నది మాత్రం ఆమెకు కొత్త పని పెట్టింది. మా దగ్గర అన్నేళ్ళుగా ఉండి ఏ పోలికలోకీ రాని మాటలవి. వాటిలో ఏవి తెలుగు, ఏవి తెలుగువారి నోట నలిగిన కన్నడ, ఉర్దూ మాటలు అని ఒక్కొక్కటే తేల్చుకోవలసి వచ్చింది. అధ్యాయం ఇవ్వడం ఒక నెల ఆలస్యమైంది.

ఈ గొడవంతా ఎందుకు, ఫైలు పేర్లలోంచి ఖాళీలూ బ్రాకెట్లూ తీసేయండి అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆయన అన్నది సాధారణంగా మంచి సలహాయే. కాని ఆ ప్రాంతంలోనే హళ్ళిఖేడ్ (కె) కూడా ఉంది. బ్రాకెట్టు తీస్తే రెండు ఊళ్ళ మాటలూ ఒకే ఫైలులో పడతాయి, లేదా ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. పేరు అలాగే ఉంచి, దాని చుట్టూ కొటేషన్లు పెట్టాము.